సెష్షూ హబోకు కొండలు: మూడు నలుపులూ కలిసి ఒకే బూడిదరంగు ఎందుకవుతున్నాయి?

నల్లరేగడి

జపాన్ జెన్ సన్యాసి, చిత్రకారుడు సెష్షూ 1495లో గీసిన ‘హబోకు సన్‌సుయి’కి (విరిచిన సిరాతో కొండలూ నీళ్లూ) నకలు తీస్తున్నాను. వాడుతున్నవి: సీసాలో దొరికే నల్ల డ్రాయింగ్ సిరా, 300 జీఎస్‌ఎం వాటర్‌కలర్ కాగితం, 12వ నంబరు గుండ్రటి నైలాన్ కుంచె. ఇబ్బందులు ఇవీ. లేత సిరా మీద ముదురు సిరా పెడితే రెండూ కలిసిపోయి మొత్తం ఒకే బూడిదరంగు అవుతోంది. ఆరాక ప్రతి మరక చుట్టూ నల్లటి గట్టు కడుతోంది. తడిగా ఉన్నప్పటి నిగారింపు ఆరేసరికి పోయి, పలక మీద సుద్ద రాసినట్టు వెలవెలబోతోంది. తప్పు చేతిదా, సరుకుదా?

మసిగిన్నె

ముప్పాతిక వంతు సరుకుదేనండీ. ఒక్కొక్కటీ చూద్దాం.

కాగితం: వాటర్‌కలర్ కాగితానికి జిగురు పూత ఉంటుంది. నీళ్లు లోపలికి ఇంకకుండా పైనే నిలుస్తాయి. మరక ఆరేటప్పుడు అంచు ముందు ఆరుతుంది కాబట్టి మధ్యలో నీళ్లు అంచువైపు పాకుతూ మసిని కూడా మోసుకెళ్లి అక్కడ దింపుతాయి. మీరు చెప్పిన నల్ల గట్టు అదే. కాఫీ చుక్క ఆరాక మిగిలే చారను గుర్తు తెచ్చుకోండి. జపాన్‌లో సిరా బొమ్మలకి వాడే, పూత లేని గాసెన్షి కాగితం సిరాను తగిలీ తగలగానే పీల్చేస్తుంది, మసి పీచులో ఇరుక్కుపోతుంది. అంచు గట్టు కట్టదు, నూగులా విచ్చుకుంటుంది.

సిరా: ‘వాటర్‌ప్రూఫ్’ అని రాసి ఉంటే అందులో లక్క గానీ రెసిన్ గానీ ఉంటుంది. చిక్కగా గీత గీయడానికి అది బాగానే పనికొస్తుంది. ఇరవై రెట్లు నీళ్లు కలిపేసరికి మసి ఉండలు కట్టి తేజస్సు పోతుంది. పైగా కుంచె మొదట్లో ఎండితే ఇక ఆ కుంచె చీపురే.

కుంచె: నైలాన్ నీళ్లను పట్టి ఉంచదు, మొదటి తాకుడుకే అంతా దించేస్తుంది. మేక వెంట్రుక కుంచె కావాలి, లేదా మధ్యలో గట్టి వెంట్రుక, చుట్టూ మేక వెంట్రుక ఉన్న ‘త్సుకెతతె’ కుంచె.

ఈ మూడూ మార్చాక కూడా బూడిదరంగే వస్తే, అప్పుడు చేతి సంగతి చూద్దాం.

సరుగుడుతోపు

సీసా సిరా బదులు రాయి మీద నీళ్లతో నూరుకునే సిరా కడ్డీ గురించి కాస్త చెప్తాను, ఎందుకంటే కొనేటప్పుడు చాలామంది పొరపడేది ఇక్కడే.

కడ్డీ అంటే మసి, జంతువుల చర్మం నుంచి తీసిన జిగురు (నికావా), కొంచెం సుగంధం. మసి పది పాళ్లకి జిగురు సుమారు ఆరు పాళ్లు. మసి రెండు రకాలు. నూనె దీపాల మీద మట్టి మూత బోర్లించి పట్టినది ఒకటి, మన ఇళ్లలో కాటుక పట్టే పద్ధతే. దాంతో చేసినది ‘యుఎన్‌బొకు’. పైన్ చెక్క కాల్చి పట్టిన మసితో చేసినది ‘షోఎన్‌బొకు’. చిక్కగా ఉన్నప్పుడు రెండూ నలుపే. నీళ్లు కలిపినప్పుడే తేడా బయటపడుతుంది: నూనె మసి రేణువు సన్నం, కాస్త వెచ్చని గోధుమ ఛాయ వస్తుంది. పైన్ మసి రేణువులు చిన్నా పెద్దా కలిసి ఉంటాయి, లేత సిరాలో నీలి ఛాయ కనిపిస్తుంది. దూరపు కొండలకి చాలామంది పైన్ మసినే ఇష్టపడతారు. కొత్తవాళ్లకి నా సలహా నూనె మసి. తప్పులు చేసినా నలుపు చావదు.

జపాన్‌లోని నారా నగరంలో కోబాయ్‌ఎన్ అనే సంస్థ 1577 నుంచీ ఈ కడ్డీలే చేస్తోంది. అక్కడ పని చలికాలంలోనే. వేసవిలో జిగురు కుళ్లిపోతుంది. మన ఎండల్లో నూరిన సిరా సాయంత్రానికే వాసన ఎందుకు కొడుతుందో దీన్నిబట్టి అర్థం చేసుకోండి. కడ్డీకి ఉండే ఆ చల్లని వాసన ‘ర్యూనో’ది, అంటే మనం ప్రసాదాల్లో వేసే పచ్చకర్పూరం కుటుంబమే. జిగురు కంపు తెలియకుండా కలుపుతారు.

నల్లరేగడి

కడ్డీ, రాయి తెప్పించాను. నూరడం ఎంతసేపు? నీళ్లెన్ని?

మసిగిన్నె

గంధం తీయడం చూశారుగా, చెయ్యి అంత తేలిగ్గా ఉండాలి. కాకపోతే ఇక్కడ ఇంకా మెత్తగా.

రాయికి మెట్టభాగం, పల్లం ఉంటాయి. మెట్టభాగం మీద అర టీస్పూను నీళ్లు, అంతకు మించొద్దు. కడ్డీ నిటారుగా గానీ కొద్దిగా వాల్చి గానీ పట్టి గుండ్రంగా తిప్పండి. బరువు వేయకండి, వేస్తే మసి బరకగా ఊడుతుంది. చిక్కబడ్డాక పల్లంలోకి తోసి, మళ్లీ అర టీస్పూను వేసి నూరండి. పది పదిహేను నిమిషాలు పడుతుంది. అయిందో లేదో తెలియాలంటే కడ్డీ వెనకాల పడే దారి చూడండి. నీళ్లు వెంటనే కలిసిపోతే ఇంకా పల్చన. ఆ దారిలో రాయి ఒక క్షణం కనబడి తర్వాత మెల్లగా మూసుకుంటే సరిపోయింది.

అందరూ చేసే తప్పు: లేత సిరా కావాలని కొంచెమే నూరి ఆపేయడం. అందులో పస ఉండదు. ఎప్పుడైనా చిక్కగా నూరి, తర్వాత నీళ్లలోకి చుక్కచుక్కగా కలుపుకోవాలి.

నూరాక కడ్డీని రాయి మీద నిలబెట్టి వదిలేయొద్దు. జిగురు అంటుకుపోతుంది, లాగితే రాయి పెచ్చు లేస్తుంది. నీళ్లలో నానబెడితే కడ్డీ పగులుతుంది. కొన తుడిచి నీడలో పెట్టండి. బోరు నీళ్లు వాడకండి. అందులోని సున్నం మసిని ముద్ద కట్టిస్తుంది, లేత సిరాలో చిన్న చిన్న చుక్కలు తేలతాయి. ఆర్వో నీళ్లు చాలు.

మంచుతెర

రోజూ పావుగంట నూరుతూ కూర్చోవడం ఉద్యోగస్తులకి కుదిరే పనేనా? జపాన్‌లోనే సీసాల్లో ‘బొకుజూ’ (నూరక్కర్లేని సిరా) అమ్ముతున్నారు కదా.

సరుగుడుతోపు

అమ్ముతున్నారు, అభ్యాసానికి బ్రహ్మాండం. జిగురుతో చేసినదా, కృత్రిమ రెసిన్‌తో చేసినదా చూసి జిగురుదే తీసుకోండి. అయితే ఈ బొమ్మకి కావాల్సింది మూడు అంతరువుల నలుపు. సీసా సిరాలో ముదురు, లేత రెండూ వస్తాయి, మధ్యది నిలవదు. రోజుకి నలభై కాగితాలు పాడుచేసే దశలో సీసా, అట్టి పెట్టుకునే బొమ్మకి కడ్డీ.

నిన్నటి సిరాని మాత్రం ఈ రెండింటి జాబితాలోనూ పెట్టకండి. చైనాలో కొందరు కావాలని నిలవ సిరా వాడతారు, రేణువులు విడిపోయి అంచుల్లో ఇసక తేలినట్టు ఒక అందం వస్తుంది, నిజమే. కానీ జిగురు చచ్చిపోయిన సిరా కాగితానికి అంటుకోదు. వెనక గంజి రాసి రెండో కాగితం అతికించేటప్పుడు నల్లగా కారిపోతుంది.

వెదురుకుంచె

ఇప్పుడు అసలు బొమ్మ దగ్గరికి వద్దాం. చిమ్మేశాడు, విసిరేశాడు అంటారు గానీ ఈ బొమ్మలో విసురు కంటే వరస ఎక్కువ.

బొమ్మ మొత్తం 148.6 × 32.7 సెం.మీ. కాగితం. పైభాగమంతా ఆరుగురు సన్యాసుల పద్యాలు, వాటి కింద సెష్షూ సొంత రాత. దృశ్యం అడుగు భాగంలోనే ఉంటుంది. నకలు తీసేవాళ్లు ఇది మర్చిపోయి పొడుగంతా కొండలతో నింపేస్తారు.

దగ్గరగా చూస్తే నాలుగు పొరలు. వెనక నీళ్లలాంటి సిరాతో నిటారు శిఖరాలు, అంచులు లేవు. దాని ముందు మధ్యరకం సిరాతో బండరాయి ముద్ద. ఆ ముద్ద ఇంకా చెమ్మగా ఉండగానే పొదలు, చెట్లు: బాగా ముదురు సిరా, పక్కకి వాల్చిన కుంచెతో కొద్ది తాకుళ్లు. చివరికి, అంతా పూర్తిగా ఆరాక, సన్నటి గీతలు. బండ అడుగున సారాయి దుకాణం కప్పు, దాని జెండా, నీళ్ల మీద ఇద్దరు మనుషులున్న పడవ. ఈ గీతలు పొడిగా, తెగినట్టు ఉంటాయి. ఇవి లేకపోతే పైనున్నది కొండో మరకో తెలియదు. ఆ చిన్న కప్పు చూశాకే కన్ను ‘ఓహో, ఇది ఇంత పెద్ద కొండా’ అనుకుంటుంది.

కీలకం రెండో పొరకీ మూడో పొరకీ మధ్య ఆగే సమయం. కాగితాన్ని పక్క నుంచి, కిటికీ వెలుతురుకి ఎదురుగా వంగి చూడండి. నీటి మెరుపు ఉంటే తొందరపడినట్టే. ముదురు సిరా ఈదుకుంటూ పోయి అంతా బూడిదవుతుంది. మీ మొదటి ప్రశ్నకి జవాబు ఇదే. మెరుపు పోయి, కాగితం రంగు మాత్రం ఇంకా ముదురుగా ఉంటే అదీ అదను. అప్పుడు పెట్టిన నలుపు మధ్యలో నల్లగా నిలిచి అంచులో మాత్రమే విచ్చుకుంటుంది. కాగితం మళ్లీ తెల్లబడిందంటే ఆలస్యమైంది, అంటించిన ముక్కలా కనిపిస్తుంది. నిమిషాలు చెప్పలేను. వేసవిలో హైదరాబాదు గాలికి ఆ అదను చిటికెలో దాటిపోతుంది, వానాకాలం కాకినాడలో తాపీగా టీ తాగి రావచ్చు. ఫ్యాను మాత్రం ఎక్కడైనా కట్టేయండి.

నల్లరేగడి

ఒకే కుంచెలో మూడు నలుపులూ ఎక్కిస్తారని విన్నాను, అది ఎలా? మూడు కుంచెలు వాడకూడదా?

వెదురుకుంచె

వాడొచ్చు. కానీ ‘సన్‌బొకు’ పద్ధతి నేర్చుకుంటే ఒక్క తాకుడులోనే రాయికి వెలుగూ నీడా వస్తాయి. కావాల్సినవి తెల్ల పింగాణీ పళ్లేలు మూడు: లేత సిరాకి ఒకటి, మధ్యరకానికి ఒకటి, ఖాళీది ఒకటి.

కుంచెని మంచినీళ్లలో పూర్తిగా తడిపి, పళ్లెం అంచుకి ఒత్తి నీళ్లు దించండి. కారకూడదు, బొద్దుగా ఉండాలి. లేత సిరాలో మొదలంటా ముంచండి. మళ్లీ అంచుకి ఒత్తండి. మధ్యరకం సిరాలో సగం వరకు. చివరగా కొనని మాత్రం, బియ్యపు గింజ పొడుగున, చిక్కటి సిరాలో. ఇప్పుడు వెంటనే కాగితం మీదకి వెళ్లొద్దు. ఖాళీ పళ్లెంలో రెండు మూడుసార్లు పడుకోబెట్టి తట్టండి, మూడింటి మధ్య హద్దులు కరుగుతాయి. తర్వాత కుంచెని దాదాపు పడుకోబెట్టి పక్కకి లాగండి. కొన వైపు నలుపు, మొదలు వైపు పొగ.

మూడు చారలుగా విడివిడిగా పడితే పళ్లెంలో తట్టడం తక్కువైంది. మొత్తం ఒకే రంగైతే నీళ్లు ఎక్కువయ్యాయి, లేదా ఎక్కువసేపు తట్టారు. ఒకసారి ఎక్కించిన సిరాతో నాలుగైదు తాకుళ్లు, క్రమంగా పలచబడుతూ పోనివ్వండి. ప్రతి తాకుడుకీ మళ్లీ ముంచితే అన్నీ సమానమైన నలుపై బొమ్మ గోడలా బిగుసుకుంటుంది.

కాగితం కింద ఉన్ని కంబళి పరవడం మర్చిపోకండి. బల్ల మీద నేరుగా పెడితే దిగిన సిరా అడుగున మడుగు కట్టి వెనక నుంచి పైకి పాకుతుంది.

మంచుతెర

ఇన్ని లెక్కలు వేసుకుంటే అది జెన్ ఎలా అవుతుంది? ఆ క్షణంలో చేతికి వచ్చింది గీయడమే కదా ఆ బొమ్మ గొప్ప.

పాతపటం

ఆ మాట వినడానికి బాగుంటుంది, కానీ చరిత్ర ఒప్పుకోదు. అప్పటికి సెష్షూకి వాళ్ల లెక్కన 76 ఏళ్లు. క్యోటోలోని షోకోకుజి మఠంలో పెరిగిన వాడు, 1467లో మింగ్ చైనా వెళ్లి 1469లో తిరిగొచ్చాడు. చైనాలో దక్షిణ సోంగ్ వంశపు కాలం నాటి చిత్రకారుల శైలుల్ని ఒక్కొక్కటిగా చేత్తో నకలు తీశాడు. విసనకర్ర ఆకారపు చట్రం గీసి, లోపల ఆ పద్ధతిలో బొమ్మ వేసి, చట్రం బయట మూల చిత్రకారుడి పేరు రాసిన ముక్కలు నేటికీ ఉన్నాయి: షియా గుయి, లియాంగ్ కాయ్, యూజియాన్. ఈ హబోకు బొమ్మ ఆ యూజియాన్ పద్ధతే. యూజియాన్ గీసిన ‘కొండ ఊరి సంత, విడుతున్న మంచు’ తోక్యోలో ఇదెమిత్సు మ్యూజియంలో ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ఎవరి బిడ్డో అడగక్కర్లేదు.

ఇంకో సంగతి. ఈ బొమ్మ తన శిష్యుడు సోఎన్ కామకురాకి తిరిగి వెళ్తూ గురువు శైలికి గుర్తుగా అడిగితే ఇచ్చినది. ఒక రకంగా ఉత్తీర్ణత పత్రం. పైన రాతలో చైనాలో లీ జాయ్ వంటి వాళ్ల దగ్గర నేర్చుకున్నానని చెప్పి, అది చూసి వచ్చాకే తమ జపాన్ గురువులు జోసెత్సు, షూబున్‌లు ఎంతటివాళ్లో తెలిసిందని రాసుకున్నాడు. చైనా వెళ్లొచ్చిన వాడు ఇంటి గురువుల్నే పైన కూర్చోబెట్టడం నాకు ఆ బొమ్మ కంటే ఎక్కువ నచ్చే సంగతి.

సరుగుడుతోపు

పేరు గురించి కూడా ఇక్కడే తేల్చేద్దాం, ప్రతిసారీ గొడవవుతుంది. ‘హబోకు’ అంటే విరిచిన సిరా: లేత సిరా తడి మీద ముదురు సిరాతో విరగ్గొట్టడం. ‘హత్సుబొకు’ అంటే చిమ్మిన సిరా: గీతతో హద్దు గీయకుండా సిరా ముద్దలతోనే ఆకారం తేవడం. చైనా భాషలో రెండింటి ఉచ్చారణా ‘పోమో’యే, స్వరం మాత్రం వేరు. శాస్త్రప్రకారం సెష్షూది హత్సుబొకు. కానీ తన రాతలో ఆయన వాడిన అక్షరం ‘విరిచిన’ది, అందుకే బొమ్మకి ఆ పేరు నిలిచిపోయింది.

నా మటుకు నాకు రెండూ అందులో ఉన్నాయి. హద్దుల్లేని ముద్ద హత్సుబొకు, చెమ్మలో పడిన నలుపు హబోకు.

నల్లరేగడి

కొత్త కాగితం మీద రెండో ప్రయత్నం. గట్టు పోయింది, మధ్య నలుపు నిలుస్తోంది. ఇప్పుడు సమస్య తిరగబడింది: పడవ, కప్పు గీతలు కూడా నూగులా విచ్చుకుంటున్నాయి. గీత అనుకున్న చోట గొంగళిపురుగు కనిపిస్తోంది.

వెదురుకుంచె

కాగితం పూర్తిగా ఆరిందా? చేతి వెనక భాగం ఆనించండి, చల్లగా తగిలితే ఇంకా చెమ్మ ఉన్నట్టే. ఆరినా అలాగే అవుతుంటే కుంచెలో నీళ్లెక్కువ. ముంగిస లాంటి గట్టి వెంట్రుకల సన్న కుంచె, చిక్కటి సిరా తీసుకుని, గీసే ముందు కుంచె మెడ దగ్గర టిష్యూ కాగితం ఆనించండి. కొన దగ్గర కాదు, మెడ దగ్గర. నీళ్లు దాచుకునేది అక్కడే. గీత ఆగకుండా లాగండి. పూత లేని కాగితం మీద కుంచె ఎక్కడ ఆగితే అక్కడ చుక్క ఊరుతుంది.

మసిగిన్నె

లేదా కాగితానికి పలచగా ‘దోసా’ పట్టించొచ్చు (తినే దోసె కాదు, కంగారు పడకండి). లీటరు నీళ్లకి నికావా 15 నుంచి 20 గ్రాములు, పటిక అందులో మూడో వంతుకి మించకుండా. జిగురుని రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి, మర్నాడు వేడి నీళ్ల గిన్నెలో గిన్నె పెట్టి కరిగించాలి. మరిగితే పట్టు పోతుంది. పటిక విడిగా గోరువెచ్చని నీళ్లలో కరిగించి తర్వాత కలపండి. వెడల్పాటి కుంచెతో ఒకే దిశలో ఒక్కసారి పూసి ఆరేయండి. పటిక ఎక్కువైతే కాగితం మీద మిలమిల పలుకులు తేలతాయి, ఏళ్లు గడిచేకొద్దీ కాగితం పసుపెక్కి పెళుసవుతుంది.

కానీ హబోకు బొమ్మకి వద్దు. సెష్షూదే ‘శీతకాల దృశ్యం’ నకలు తీసేటప్పుడు వాడండి. అది వేరే కుటుంబం, షియా గుయి వైపు బంధువు. గొడ్డలి వేటు గీతలు కావాలి: గట్టి వెంట్రుకల కుంచె, తక్కువ తడి, పక్కకి ఒత్తి టక్కున లాగి వదలడం. వేటు మొదట్లో వెడల్పు, చివర్లో పొడి. ఆ బొమ్మ సుమారు 48 × 30 సెం.మీ. మాత్రమే. మధ్యలో కొండచరియని నిలువుగా చీలుస్తూ పోయే నల్ల గీత ఒక్కటి సరిగ్గా పడితే మిగతాదంతా దానికి ఆనుకుని నిలబడుతుంది.

మంచుతెర

గాసెన్షి దొరకని ఊళ్లలో? మన చేతి కాగితాలు పనికిరావా?

సరుగుడుతోపు

మన చేతి కాగితం ఎక్కువగా నూలు పీలికలది, పూత ఉంటుంది. కాగితం మూలలో నీటి చుక్క వేసి చూడండి. ముత్యంలా నిలబడితే వద్దు, వెంటనే నల్లబడి వ్యాపిస్తే తీసుకోండి. నేపాల్ ‘లోక్తా’ కాగితం మేలు. జపాన్ మిత్సుమాతా పొద, లోక్తా పొద ఒకే కుటుంబంవి. మందం సమానంగా ఉండదు, అక్కడక్కడా పీచు ముడులు తగులుతాయి, కానీ సిరాని మృదువుగా పీలుస్తుంది. అసలు గాసెన్షికి మూలం చైనా అన్హుయ్‌లోని షువాన్ కాగితం, నీల చందనమనే చెట్టు బెరడు, వరిగడ్డి కలిపి చేస్తారు. గడ్డి పాలు ఎక్కువైతే సిరా బాగా విచ్చుకుంటుంది, బెరడు పాలు ఎక్కువైతే కాగితం గట్టిగా ఉంటుంది.

కొల్లేరుకొంగ

పక్క ప్రశ్న. బందరు జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ ఛటర్జీ దగ్గర అడివి బాపిరాజు గారు నేర్చుకున్న ‘వాష్’ పద్ధతి కూడా జపాన్‌దే అంటారు. అదీ ఇదీ ఒకటేనా?

పాతపటం

చుట్టరికం ఉంది, ఒకటి కాదు. 1903లో యోకోయామా తైకాన్, హిషిదా షున్సో కలకత్తా వచ్చారు. తైకాన్ వెడల్పాటి తడి కుంచెతో బొమ్మని తడపడం చూసి అవనీంద్రనాథ్ ఠాగూర్ ఇంకో అడుగు వేసి, కాగితాన్నే నీళ్లలో ముంచి తీసి మళ్లీ రంగు వేసే పద్ధతి పట్టుకున్నారు. అక్కడి నుంచి శిష్యుల ద్వారా బందరుకి చేరింది. కానీ అది పూత ఉన్న కాగితం, నీటి రంగులు, ఆరబెట్టి కడిగి మళ్లీ వేసే పని. తప్పు జరిగితే కడిగేయొచ్చు. సుయిబొకులో, అంటే ఈ సిరా-నీళ్ల చిత్రకళలో, పడిన సిరా పడినట్టే, వెనక్కి తీసుకోలేం. ఆ వాష్ చేతి అలవాటుతో ఇక్కడికి వచ్చేవాళ్లు మొదట చేసే తప్పు కూడా అదే, లేత సిరా మీద ఇంకో లేత పూత, దాని మీద ఇంకోటి. మూడోసారికి పూత లేని కాగితం చిరిగి పీచు ఉండలు లేస్తుంది.

నల్లరేగడి

ఆఖరి సందేహం. ఆరాక కాగితం అప్పడంలా ముడతలు పడింది. ఇస్త్రీ చేయొచ్చా?

మసిగిన్నె

ఇస్త్రీ వద్దు. వెనక ఇంకో కాగితం అతికిస్తే ముడతలు వాటంతటవే పోతాయి. దానికి ముందు కనీసం ఒక వారం ఆరనివ్వండి, జిగురు గట్టిపడాలి. గోధుమ పిండి ముద్దని నీళ్లలో పిసికి, జిగట తీసేయగా మిగిలిన పిండిపాలతో గంజి కాచండి. మైదాతో నేరుగా కాస్తే గట్టిపడి కాగితం చుట్టుకుపోతుంది, వెండి పురుగులకి విందు కూడా. అతికించే ముందు ఒక మూల ముదురు నలుపు మీద తడి దూది ఆనించి చూడండి. దూది నల్లబడితే ఇంకో వారం ఆగండి. అప్పటికీ నల్లబడితే అది నిన్నటి సిరా అయి ఉంటుంది, ఆ కాగితానికి గంజి దండగ.